మా అమ్మాయి చేతులకు నూనె

ఈ రోజు సంతోషం పట్టలేక రాస్తున్నానండీ, ఏడుపు కూడా వస్తోంది. మా ఆవిడకు మతిమరుపు జబ్బు. చాన్నాళ్లుగా నన్నే గుర్తుపట్టడం లేదు. మధ్యాహ్నం చీరాల నుంచి మా అమ్మాయి వచ్చింది. కల్లంలో రంగుపోయిన తాలు మిరపకాయలు ఏరుతున్న వాళ్లమ్మ పక్కన కూర్చుంది. ఈసారైనా పేరు పెట్టి పిలుస్తుందేమోనని ఇద్దరం ఆశగా చూశాం.

“ఏ ఊరు పిల్లా నీది? కూలికొచ్చావా?” అంది మా ఆవిడ.

అమ్మాయి మొహం చిన్నబోయింది. అయినా “అవునండీ” అంది.

“ఒట్టి చేతులు కాయల్లో పెడతావేంటే? మండిపోతాయి!” అంటూ మా ఆవిడ నాచేత కొబ్బరినూనె తెప్పించి, ఆ చేతులకు వేలు వేలుకూ రాసింది. చిన్నప్పుడు కూతురికి అచ్చం అలాగే రాసేది. నా ఆనందం ఏమని చెప్పను!

తర్వాత నావైపు తిరిగింది. “ఏమయ్యా, ఈ పిల్లకి అమ్మ లేదా ఏంటి? నూనె కూడా రాయకుండా పంపేశారు.”

“ఉందండీ” అంది మా అమ్మాయి, తల వంచుకుని.

సాయంత్రం వెళ్లేటప్పుడు చేతులు కడుక్కోమంటే వద్దంది. ఆ జిడ్డు చేతులతోనే బస్సెక్కింది. కడ్డీ పట్టు జారుతుందేమోనని నా భయం నాది. మీరైతే కడుక్కునేవారా, చెప్పండి?