తార్నాకలో నేను మూసిన వెబ్‌సైటు

ఆ రోజుల్లో భయం మా ఇంటికి గాలిలో వచ్చేది. యూనివర్సిటీ లోపల బాష్పవాయువు వదిలితే అది చెట్ల మీదుగా తేలుతూ తార్నాక సందుల్లోకి దిగేది. పప్పుకు పోపు పెడుతున్న మా పెద్దమ్మ ఒక్కసారి ముక్కు ఎగబీల్చి, "ఇయ్యాల మల్ల షురువైంది" అని కిటికీలు మూసేది. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న కాలం. ఈరోజు బంద్ ఉందా, బస్సులు తిరుగుతాయా, షట్టరు ఎంతవరకు ఎత్తాలి (సగం ఎత్తితే బంద్ చేసేవాళ్లకూ మంచివాళ్లం, గిరాకీకీ మంచివాళ్లం), ఇవే మా పొద్దుటి ముచ్చట్లు. అందరూ ధైర్యంగా ఉన్నారు, నేనొక్కదాన్నే వణుకుతున్నాను అనుకునేదాన్ని. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. చదివింది ఏడో తరగతి. పెదనాన్న ఇంట్లో ఉండి, ఆయన పెళ్లి బ్యాండు దుకాణం చూసుకునేదాన్ని. ఎర్ర కోట్లకు ఊడిన గుండీలు కుట్టడం, ట్రంపెట్లను చింతపండుతో తోమడం, ఫోన్ ఎత్తి పెళ్లి తేదీలు రాసుకోవడం నా పని.

నా భయానికంతా కారణం మా బ్యాండు పేరు. ఆ పేరులో మొదటి మాట 'ఆంధ్రా'. దాని తర్వాత ఇంకో మూడు మాటలున్నాయి గానీ, ఆ రోజుల్లో ఎవరూ అంతదూరం చదివేవాళ్లు కాదు. చుట్టుపక్కల ఆ మాటున్న బోర్డులన్నీ ఒక్కొక్కటే రంగు మార్చుకుంటున్నాయి. బండ్ల నంబరు పలకల మీద కూడా అక్షరాలు మారుతున్నాయి. మా పెదనాన్న మాత్రం మార్చనంటే మార్చనన్నాడు. ఆయనేమీ అటువైపు మనిషి కాదు. నల్గొండ పక్క పల్లె నుంచి కూలికి వచ్చినవాడు. రోడ్ల మీద వంటావార్పు జరిగితే అందరికంటే ముందు పోయి జై తెలంగాణ అని అరిచి, కడుపునిండా తిని వచ్చేవాడు. కానీ ఆ బ్యాండు పెట్టింది మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఉండిన ఒక కోస్తా పెద్దాయన. మేము మాస్టారు అనేవాళ్లం. కూలివాడి చేతికి ట్రంపెట్ ఇచ్చి, ఊదడం నేర్పి, చివరికి బ్యాండునే అప్పజెప్పి కన్నుమూశాడు. "పేరు మార్చుడంటే ముసలాయన ఫోటో గోడ మీదికెల్లి తీసుడే. గా పని చేసుడు కంటే ట్రంపెట్ తీస్కపోయి మూసీల పడేస్త" అనేవాడు పెదనాన్న. బోర్డు సంగతి పెద్దమ్మే చూసుకుంది. ఉతికిన కోటొకటి రోజూ సరిగ్గా ఆ మొదటి మాట మీదే ఆరేసేది.

బోర్డు మీద కోటు ఆరేయొచ్చు. వెబ్‌సైటు మీద ఏం ఆరేస్తాం? అవును, మా బ్యాండుకు సొంత వెబ్‌సైటు ఉండేది. క్యాంపస్ హాస్టల్లో ఉండి కంప్యూటరు చదువుకునే ఒకతను సాయంత్రాలు మా దుకాణం ముందు నిలబడి ట్రంపెట్ వినేవాడు. అతనే ముచ్చటపడి తయారు చేసి పెట్టాడు. మేమంతా వెబ్‌సైటన్న అనేవాళ్లం. అందులో పైన పెద్ద అక్షరాలతో బ్యాండు పేరు, కింద మాస్టారి ఫోటో, ఎర్ర కోట్లలో మావాళ్లందరూ. ఇంకా, పెదనాన్న దుకాణంలో కూర్చుని ఒక్కడే వాయించిన పాట. దాన్ని నొక్కితే నాలుగు నిమిషాలు వినిపించేది. పెదనాన్నకు అది చూసుకుని ఎంత గర్వమో! ఆయన కొడుకు, అంటే సైడ్ డ్రమ్ కొట్టే మా అన్న, ఒప్పుకునేవాడు కాదు. అన్నం దగ్గర రోజూ ఇదే లొల్లి. "నాయినా, సొంత సైట్ ఎవడు జూస్తడే? సోషల్ మీడియాల పేజీ పెడితే వెయ్యి మంది జూస్తరు" అనేవాడు అన్న. "గండ్ల మన ఫోటో పక్కన ఎవనిదో పెండ్లి, ఎవనిదో దినం ఉంటది. జనమంత గుంపుల గుంపుల పోతుంటరు. ఇది మన ఇల్లురా. తలుపు మనది, తాళం మనది" అనేవాడు పెదనాన్న. (తాళం నిజానికి వెబ్‌సైటన్న దగ్గరుందని ఇద్దరికీ గుర్తుండేది కాదు.)

ఒక సోమవారం పొద్దున నలుగురు విద్యార్థులు దుకాణానికి వచ్చారు. ఆదివారం క్యాంపస్‌లో సభ ఉందట, బ్యాండు కావాలట. వాళ్లలో ముందున్నతనికి ఛాతీ దాకా గడ్డం. గొంతు ఉరిమినట్టుంది, కుడుతున్న సూది నా వేలికే గుచ్చుకుంది. పెదనాన్న పొంగిపోయి, "మీ సభకు ఊదుడు నా అదృష్టం బిడ్డా" అన్నాడు. పోతూ పోతూ ఆ గడ్డపన్న వెనక్కి తిరిగి, "సరే కాకా, మీ గురించి నెట్ల గుడ చూస్తం" అన్నాడు. అంతే. నెట్‌లో చూస్తే ఏం కనిపిస్తుంది? పైనే, అరచేతంత అక్షరాలతో ఆ మొదటి మాట. సభ మధ్యలో మా వాళ్లను నిలబెట్టి నిలదీస్తారు, పెదనాన్న ఊరుకోడు, మాస్టారి పేరెత్తి ఎదురు మాట్లాడతాడు, ఆ తర్వాత ఆ ట్రంపెట్ ఎవరి వీపు మీద మోగుతుందో అని రాత్రంతా నిద్ర లేదు.

వెబ్‌సైటన్నకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. సరే, నేనే మూసేస్తాను అనుకున్నాను. అతను అడ్రసు రాసిచ్చిన చీటీ పట్టుకుని మంగళవారం తార్నాక చౌరస్తా దగ్గరున్న ఇంటర్నెట్ సెంటరుకు పోయాను. అక్కడ ఎనిమిది కంప్యూటర్లు. చీటీలోని ఒక్కో అక్షరం కీబోర్డు మీద వెతికి వెతికి నొక్కాను. మా వెబ్‌సైటు రానే వచ్చింది. మూలన ఎర్ర గుర్తు నొక్కితే పోతుందని సెంటరు నడిపే అతను చెప్పాడు. నొక్కాను. పోయింది! గుండె తేలికైంది. కానీ పక్క కంప్యూటరులో ఉంటే? పోయి అదే అడ్రసు కొట్టి చూశాను. ఉంది. అక్కడా మూశాను. అట్లా ఎనిమిదింటిలోనూ మూసి, చెమటలు తుడుచుకుని ఇంటికొచ్చాను. (నవ్వకండి. గోడ గోడకూ అంటించిన పోస్టరును గోడ గోడకూ పోయి చింపాలి కదా. నాకు తెలిసిన లెక్క అదే.)

బుధవారం మళ్లీ పోయి చూస్తే మొదటి కంప్యూటరులోనే మాస్టారు నవ్వుతూ కూర్చున్నాడు. ఎవరో మళ్లీ తెరిచారు! పైగా అట్టడుగున చిన్న డబ్బాలో ఒక అంకె ఉంది, దాని పక్కన 'ఇప్పటివరకు చూసినవారు' అని రాసి ఉంది. నిన్న మొదట పదకొండు చూసినట్టు గుర్తు. ఇప్పుడు పంతొమ్మిది. మూసి పక్కదానికి పోతే ఇరవై. నేను మూస్తున్న కొద్దీ జనం పెరుగుతున్నారు. క్యాంపస్ అంతా లైను కట్టి మా పేరు చదువుతోందన్నమాట! గురువారం ఎనిమిది మూశాను. శుక్రవారం ఒకటి చెడిపోయి ఉంటే ఏడు మూశాను. ఆ సెంటరు అతను, "ఏం చెల్లె, అందరొచ్చి గంటలు గంటలు కూసుంటరు, నువ్వేంది కుర్చీలు మారుస్తున్నవ్? ఏమన్న మొక్కా?" అన్నాడు. డబ్బులు బల్ల మీద పెట్టి బయటపడ్డాను.

శనివారం ఇక లాభం లేదని క్యాంపస్‌కే బయలుదేరాను. ఉత్త చేతులతో పోతే గేటు దగ్గర ఆపుతారని ఒక ఎర్ర కోటు సంచిలో పెట్టుకున్నాను. గేటు దగ్గర పోలీసు వ్యాన్లు, లాఠీలు, ముఖాలకు జాలీలున్న హెల్మెట్లు. ఒక పోలీసాయన, "ఎక్కడికమ్మా?" అన్నాడు. "గుండీలు కుట్టనీకి" అన్నాను. (ఎవరి గుండీలని అడగలేదు. దేవుడి దయ.) లోపలి రోడ్డు అంత పొడుగని నాకు తెలియదు. రాళ్లు, కాలిన టైర్ల నల్లటి మచ్చలు. ఎక్కడో టప్‌మని చప్పుడైతే చెట్టు చాటుకు పోయాను. ఎండిన ఈత మట్ట రాలిందంతే. హాస్టలు మెట్ల మీద పదిమంది దాకా కూర్చున్నారు. "ఎవరు కావాలె అక్కా?" అన్నాడొకతను. అప్పుడు తెలిసింది, వెబ్‌సైటన్న అసలు పేరు నాకు తెలియదని.

"వెబ్‌సైటన్న" అన్నాను.

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఏ వెబ్‌సైట్? నీకెందుకు? ఎవరు పంపిండ్రు నిన్ను?" అని లేచి నిలబడ్డారు. "సంచిల ఏమున్నది?" అన్నాడు ఇంకొకతను. కోటు తీశాను. బంగారు జరీ పట్టీలు, భుజాల మీద కుచ్చులు. "ఏంది, ఏ ఫోర్స్ యూనిఫారం ఇది?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి గడ్డపన్న వచ్చాడు. వెనకాలే, దేవుడు పంపినట్టు, చంకలో ల్యాప్‌టాప్‌తో వెబ్‌సైటన్న.

గడ్డపన్నకు తెలియకుండా చెప్పాలని ఇంటి దగ్గర ఎన్ని మాటలు కూర్చుకున్నానో, అన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. పేరు, మాస్టారు, ఎనిమిది కంప్యూటర్లు, పెరుగుతున్న జనం, అంతా చెప్పేశాను. వెబ్‌సైటన్న మెట్ల మీద కూర్చుని తెరిచాడు. డబ్బాలో నలభై రెండు. కాసేపు దాన్నే చూసి, "చెల్లె, మొదటి తొమ్మిది నేను తయారు చేసేటప్పుడు చూసుకున్నవి. ఇప్పుడు తెరిచింది ఒకటి. నువ్వెన్నిసార్లు తెరిచినవ్?" అన్నాడు. నా జ్ఞాపకం గట్టిది. "ముప్పై ఒకటి" అన్నాను. "అంటే ఏడాది సంది లోకం మొత్తం మీద మీ సైట్ చూసింది ఒక్కడు" అన్నాడు. మెట్ల మీద నవ్వు పేలింది. గడ్డపన్న మాత్రం నవ్వకుండా చెయ్యెత్తాడు. "గా ఒక్కన్ని నేనే. సోమారం రాత్రి చూసిన. పేరు చూసిన, ముసలాయనను చూసిన. పాట రెండుసార్లు ఇన్న."

నాకు ఊపిరి పూర్తిగా అందకముందే వాళ్లిద్దరికీ వాదన మొదలైంది. "నేను చెప్పలేదారా? సొంత సైట్ అంటే గిట్లనే ఉంటది. పాట గంత మంచిగున్నది, ఇన్నోడు ఒక్కడు. పేజీల పెడితే తెల్లారేవరకు జిల్లాలు దాటిపోదా?" అన్నాడు గడ్డపన్న. "పేజీ కిరాయిల్లు. పొమ్మంటే పోవాలె. పోయిన నెల మన ఉద్యమం పేజీ బందయితే అండ్లున్న పాటలు ఎన్ని దొరికినయ్ చెప్పు?" అన్నాడు వెబ్‌సైటన్న. "సగం దొరికినయ్." "మిగతా సగం పాడినోళ్లు మల్ల దొర్కుతరా?" గడ్డపన్న గడ్డం గోక్కున్నాడు. నేను మధ్యలో దూరి, "అన్నా, రేపటి సభ అయ్యేదాక తీసెయ్యండి. ఎల్లుండి మల్ల పెట్టండి" అన్నాను. "ఇంకెందుకు చెల్లె? ఈయన చూడనే చూసిండు గదా." "అయినా నాకు భయమైతుందన్నా." అతను ఒక నిమిషం నా ముఖం చూసి, ఏవో నొక్కాడు. మాస్టారు మాయమయ్యాడు.

ఆదివారం సభకు బ్యాండుతో పాటు నేనూ పోయాను, పెద్ద డ్రమ్ము వెనక దాక్కోవడానికి. జనం, జనం, కనుచూపు మేర జనం. గడ్డపన్న మైకు అందుకుని మా బ్యాండును పిలిచాడు. ఎట్లా పిలిచాడంటే, నాలుగు మాటలూ కలిపి, మొదటి మాటతో సహా! ఒక్క క్షణం మైదానమంతా చప్పుడు ఆగింది. నా గుండె చప్పుడు డ్రమ్ములోంచి వినిపిస్తుందేమోనని దాన్ని కౌగిలించుకున్నాను. "ఏందీ, ఏం బ్యాండూ?" అని ఎవరో అరిచారు. గడ్డపన్న తొణకలేదు. "పేరు పెట్టిన గురువు పోయిండు. ఊదేటోడు మనోడు. ఇంటరా, పొమ్మంటరా?" అన్నాడు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు, నాకు మాత్రం ఒక ఏడాది గడిచింది. "ఊదమను!" అని ఒక మూల నుంచి వచ్చింది. తర్వాత అన్ని మూలల నుంచీ వచ్చింది. పెదనాన్న కళ్లు మూసుకుని ఊదాడు.

ఆ మరుసటి వారమే హాస్టళ్లు ఖాళీ చేయించారు. వెబ్‌సైటన్న ఊరికి పోయాడు, తర్వాత ఉద్యోగానికి పోయాడు, నంబరు మారింది. మళ్లీ పెట్టడం జరగలేదు. నిజం చెప్పాలంటే నేనూ గట్టిగా వెతకలేదు. భయం తీరిన హాయిలో మనిషికి బద్ధకం ఎక్కువ. తర్వాత అన్న పేజీ పెట్టాడు, గిరాకీ బాగా పెరిగింది, రాష్ట్రం వచ్చింది. పెదనాన్న మాత్రం ఆ పేజీకి ఒక్క పాటా ఊదనన్నాడు; బతికున్నన్నాళ్లూ వచ్చిన ప్రతి పెళ్లివాళ్లతో, "మాకు సొంత వెబ్‌సైట్ ఉన్నది, ఇంటికి పోయి చూడుండ్రి" అంటూనే ఉన్నాడు. అన్నప్పుడల్లా నేను గుండీ మీదికి వంగిపోయేదాన్ని. ఏ ఒక్కరూ పోయి చూడకపోబట్టి బతికిపోయాను.

మొన్న మా అమ్మాయి అన్న పేజీని వేలితో కిందికి జరుపుతూ జరుపుతూ, "అమ్మా, తాతయ్య ఊదింది ఒక్కటన్న లేదేందే?" అని అడిగింది. ఉన్న ఒక్కటీ ఎవరు తీయించారో చెప్పక తప్పలేదు. అంతా విని పడీపడీ నవ్వి, "తాతయ్యకు ఎప్పుడో తెలిసే ఉంటదమ్మా. నువ్వు భయపడ్తవని అనకుండ ఉండొచ్చు" అంది. ఇన్నేళ్లలో ఆ ఆలోచన నాకొక్కసారి కూడా రాలేదు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, పెదనాన్న నిలబడి వింటున్నాడేమో అన్నట్టు, ఒకసారి గుమ్మం వైపు చూశాను.