ఈశాన్యం మూల ఇల్లు

కల్లూరులో మా వీధి ఉన్న చోట ఒకప్పుడు జొన్న చేను ఉండేది. నల్లరేగడి. దాని వాలు నైరుతికి, అంటే వంక ఉన్న దిక్కుకు. ఎంత వాన కురిసినా నీళ్లు తమ దారిన పోయి వంకలో కలిసేవి. చేను ప్లాట్లయ్యాక మేమంతా వచ్చి మొదట చేసిన పని ఆ వాలును మార్చడం. వాస్తు ప్రకారం నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలి కదా. ఎమ్మిగనూరులో మగ్గం వదిలి వచ్చినవాళ్లు, ఆదోని నుంచి వచ్చినవాళ్లు, ఎవరైనా సరే ముందు ట్రాక్టర్లతో గరుసు మట్టి తోలించి నైరుతి మూల లేపుకున్నారు. ముస్లిం ఇళ్లవాళ్లు కూడా, రేపు అమ్మాలంటే రేటు రాదని అలాగే చేశారు.

ఇల్లు కట్టేవాళ్లకు ఇసుక, ఇటుక, సిమెంటు ఎంత పడతాయో లెక్క వేసి చెప్పడం నా పని. పదో తరగతితో చదువు ఆగింది. మిగతాది మేస్త్రీల పక్కన నిలబడి నేర్చుకున్నాను. వీధిలో ఎవరు పునాది వేసినా మట్టం చూడమని నన్ను పిలిచేవారు. సన్నటి గొట్టంలో నీళ్లు నింపి ఒక కొస నేను, ఒక కొస మేస్త్రీ పట్టుకుంటే రెండు చోట్లా నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. దాన్నిబట్టి ఏ మూల ఎంత పల్లమో తెలుస్తుంది. ఏ ఇంటికి ఆ ఇంటికి మట్టం సరిగ్గానే కుదిరింది. వీధి మొత్తానికి ఎవరూ చూడలేదు.

వీధికి ఉత్తరపు కొసన, తూర్పు వరసలో అక్క ఇల్లు. అక్క అంటే తోబుట్టువు కాదు, వీధిలో అందరమూ అలా పిలుస్తాం. భర్త బస్సు డిపోలో మెకానిక్‌గా ఉండి చనిపోయాడు. చర్చికి పోయే కుటుంబం, వాస్తు పట్టింపు లేదు. చీటీలు తీసి ప్లాట్లు పంచిన రోజు ఈశాన్యం మూల వాళ్లకు పడిందని చాలామందికి కడుపు మండింది. అవతల నూనె మిల్లు గోడ అడ్డం కాబట్టి నీళ్లు ఆ మూలకు చేరితే ఇక పోవడానికి దారి లేదు. ఆ సంగతి ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

సిమెంటు రోడ్డు రెండు సార్లు పడింది. రెండోది మొదటిదాని మీదే పోశారు. ఇప్పుడు అక్క ఇంటికి వచ్చేవాళ్లు మెట్లు ఎక్కరు, దిగుతారు. గట్టి వాన వస్తే వీధిలో ప్రతి ఇంటి ఈశాన్యం నుంచీ జారిన నీళ్లు ఆమె వంటింట్లో తేలతాయి. తోడి పోసినా తర్వాత చాలా రోజులు కడప బండల సందుల్లోంచి చెమ్మ ఊరుతూనే ఉంటుంది. బ్రోకర్లు వచ్చి పోతున్నారు. ఇల్లు కొని, పడగొట్టి, ఎత్తు లేపి కట్టుకునేవాళ్లు ఉన్నారట.

"నేను యాడికీ పోనప్పా" అంది అక్క నాతో. "ఈ గోడలకు నీళ్లు పట్టింది నేనే. ఇప్పుడు అవే నీళ్లొచ్చి నన్ను పొమ్మంటాండాయి."

మూడో రోడ్డు వేస్తారని తెలిసినప్పుడు కాంట్రాక్టరును కలిశాను. వీధి అంతా ఒక మాట మీద ఉంటే పాత రోడ్డు పగలగొట్టి వంక దిక్కుకు వాలు ఇస్తానన్నాడు. మేస్త్రీని తోడు తీసుకుని వీధి పొడవునా రోడ్డు అంచున తవ్వి, పాత నేలకు మట్టం చూశాను. నేల ఇంకా మా మాట వినలేదు. అడుగున అది నైరుతికే వాలి ఉంది. పైన మేము పోసిందే అడ్డం.

ఆదివారం సాయంత్రం రిటైరైన లెక్చరరు గారి ఇంటి ముందు అందరం కూడాం. నేను చెప్పింది ఆయన ఓపిగ్గా విన్నారు.

"నీ లెక్క కరెక్టేనప్పా, నేను కాదనల్యా. కానీ నీళ్లు నైరుతికి పోతే ఇంట్లో ఏమన్నా నిలుస్తాదా?"

"మా కోడలు కాన్పుకొచ్చింది, నీళ్లాడే నెలలు సార్, ఈ ఏడు అట్లాటి పనులు వద్దు" అన్నాడు ఎదురింటాయన.

వెనక నుంచి ఇంకెవరో అన్నారు: "ఈశాన్యంలో నీళ్లుంటే శానా మంచిది గదా. అక్కకే మేలు."

"అంత మేలైతే మీకెందుకు తక్కువ చెయ్యల్ల?" అంది అక్క. "బిందెలతో మోసకొచ్చి మీ ఇండ్లల్లో పోస్తా, వాకిళ్లు తీసి పెట్టుకోండి."

కొందరు నవ్వారు. లెక్చరరు గారు నా వైపు తిరిగి, "నీ ఇంటికి వాలు యా దిక్కుకు పెట్టుకున్యావప్పా?" అని అడిగారు.

"ఈశాన్యానికే సార్" అన్నాను. ఎవరి కుర్చీలు వాళ్లు తీసుకుని ఇళ్లకు పోయారు.

కొత్త రోడ్డు పాతదాని మీదే, అర అడుగు మందాన పడింది. అది ఆరక ముందే అక్క నాకు కబురు పంపింది. ఇంట్లోనే గరుసు నింపి నేల లేపుకుంటుందట. మేస్త్రీతో కలిసి గొట్టం పట్టుకుని పోయాను. నేల ఎంత పెరిగితే వాకిలి అంత కురచవుతుంది. తలుపులు కింద కోయాలి. కిటికీలు మోకాళ్ల దగ్గరికి వస్తాయి.

"ఈ రోడ్డుకు సరిపోయేంత లేపితే నువ్వు నిటారుగా తిరగొచ్చు అక్కా" అన్నాను. "ఇంకో రోడ్డు పడితే మళ్లీ ఇదే కత. దానికి కూడా లెక్కేసి లేపితే ద్వారబంధం తలకు తగులుతుంది."

ఆమె వాకిట్లో నిలబడి ద్వారబంధం పైకొయ్యకేసి చూసింది. అరచేయి నెత్తి మీద పెట్టి కొలుచుకుంది.

"వయసైతాంది గదప్పా, ఎట్లన్నా వంగి నడిచేదాన్నే. ఇంగో రోడ్డు కూడా కలిపి గీయి."

మేస్త్రీ అవతలి కొస పట్టుకున్నాడు. గొట్టంలో నీళ్లు ఊగి, నిలిచాయి. గోడ మీద గీత గీశాను.