సముద్రానికి ఇరవై ఐదు నిమిషాలు

ఆ రోజుల్లో, అంటే ఇంజనీరింగు పూర్తయి ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఏ పనినైనా వరసగా రాసి పక్కన నిమిషాలు వేస్తే అది అలాగే జరిగిపోతుందని నా గట్టి నమ్మకం. పళ్లు తోముకోవడానికి కూడా నా ఫోనులో ఒక వరస ఉండేది. (ఇప్పుడూ ఉంది. కాకపోతే ఎవరికీ చూపించను.)

అక్క పెళ్లి కార్డులు పంచడానికి మావయ్య తన కారు ఒక్క రోజుకి ఇచ్చాడు. అమ్మానాన్నలతో కలిసి జొన్నాడలో బయల్దేరి కొత్తపేట, అమలాపురం, రాజోలు, సఖినేటిపల్లి, ఊరికో ఇల్లు చొప్పున కార్డులు ఇవ్వాలి. మధ్యలో అమలాపురం టైలరు దగ్గర అక్క జాకెట్లు తీసుకోవాలి. ఫోనులో వేసిన పట్టికలో చివరి వరస నేనే చేర్చాను: అంతర్వేది, లైట్‌హౌసు, సముద్రం, ఇరవై ఐదు నిమిషాలు. ఎందుకంటే మా అమ్మ అప్పటికి సముద్రం చూడలేదు. కె.గంగవరంలో పుట్టి, జొన్నాడలో కాపురం చేస్తూ, ముప్పై ఏళ్లుగా బడిలో "సముద్రపు నీరు ఉప్పగా ఉండును" అని పిల్లల చేత వల్లె వేయిస్తున్న మనిషి, కారులో రెండు గంటల దూరంలో ఉన్న సముద్రాన్ని చూడలేదు. ఎప్పుడు అనుకున్నా ఏదో పని అడ్డొచ్చేది. ఈసారి చూపించి తీరాలని నా పంతం.

కొత్తపేటలోనే నా లెక్క తప్పింది. ఇంటికి పదిహేను నిమిషాలు వేశాను: కార్డుకి ఐదు, మంచినీళ్లకి రెండు, కుశల ప్రశ్నలకి ఎనిమిది. క్రైస్తవుల ఇంట పుట్టి, ప్రార్థన చెయ్యందే గుమ్మం దాటనివ్వని చుట్టాల మధ్య ఇరవై రెండేళ్లు పెరిగి, ప్రార్థనకి ఒక్క గడి కూడా వదల్లేదు! మేం లేవబోతుంటే అక్కడి పెద్దమ్మగారు తల మీద కొంగు వేసుకుంటూ, "చిన్న ప్రార్థన చేసుకుందామండీ" అన్నారు. అది పెళ్లికూతురితో మొదలై, పెళ్లికొడుకు, అతని ఉద్యోగం, వంటవాళ్లు, షామియానా మీదుగా వాన మబ్బుల దాకా వెళ్లింది. నేను ఒక కన్ను తెరిచి గడియారం చూశాను. నాన్నగారు కూడా ఒక కన్ను తెరిచే ఉన్నారు, నన్ను కనిపెట్టడానికి.

అమలాపురంలో ప్రార్థనతో పాటు భోజనం. "తినకుండా ఎల్లిపోతారేటండీ, మేం పరాయోళ్లమేటండీ?" అనగానే నాన్నగారు "ఆయ్" అంటూ చేతులు కడుక్కోవడానికి లేచారు. టైలరు మేం వెళ్లాకే హుక్కులు కుట్టడం మొదలుపెట్టి, "ఐదే నిమిషాలండీ" అన్నాడు. (ఆ రోజు నా పట్టిక కంటే ధైర్యంగా అబద్ధమాడింది అతనొక్కడే.) రాజోలులో కాఫీ, ప్రార్థన, తీరా గుమ్మం దగ్గరికొచ్చాక ఆ ఇంటి తాతగారి మోకాలి కోసం ఇంకో ప్రార్థన. కారెక్కేసరికి నాలుగు దాటింది.

"సఖినేటిపల్లి కార్డు ఫోనులో పంపేద్దాం" అన్నాను.

అక్కడుండేది అమ్మానాన్నల పెళ్లి జరిపించిన పాస్టరు అయ్యగారు. ఆయన ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద అన్నం మాడిపోతుందని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లం.

"అయ్యగారికి ఫోనులోనా! ముందు నోరు కడుక్కో" అంది అమ్మ. తర్వాత కొబ్బరితోటల వైపు చూస్తూ, "సముద్రం ఎక్కడికి పోద్దిరా. మరోసారి చూద్దాంలే" అంది. ఆ మాట అనడం ఆవిడకి ఎంత అలవాటైపోయిందో ఆ గొంతులోనే తెలిసింది.

అయ్యగారు రెండు చేతులతో కార్డు అందుకుని ప్రార్థనకి లేచారు. నేను ఉండబట్టలేకపోయాను. "అయ్యగారూ, అమ్మ ఇంతవరకూ సముద్రం చూడలేదండీ. చీకటి పడిపోతుందండీ." అమ్మ నా చెయ్యి గిల్లింది.

అయ్యగారు నాన్నగారి వైపు తిరిగారు. "ఏమయ్యా, అమ్మాయికి ఓసారి సముద్రం చూపించమని పెళ్లినాడే చెప్పేను కదా!"

"ఆయ్, చెప్పేరండి. పనుల్లో పడిపోయేనండి."

"పదండి. ప్రార్థన అక్కడే చేద్దాం" అని ఆయన చేతికర్ర పట్టుకుని అందరికంటే ముందు కారెక్కేశారు.

లైట్‌హౌసు గేటు అప్పటికే మూసేశారు. ఇసుకలో నడుచుకుంటూ గోదావరి సముద్రంలో కలిసే చోటికి వెళ్లాం. పొద్దు వాలుతోంది. చేపల బోట్లు ఒకదాని వెనక ఒకటి లోపలికి వస్తున్నాయి, కెరటం మీద ఇంటి ఎత్తు లేచి, కనబడకుండా దిగిపోయి, మళ్లీ లేస్తూ. విశాఖలో సముద్రం చూసిన అనుభవజ్ఞుణ్ని కదా, అయినా నా కాళ్లు ఆగిపోయాయి.

"గోదారి ఎక్కడ ఆగిందిరా?" అంది అమ్మ. నీళ్ల రంగు మారే గీత చూపించాను. ఒక కెరటం వచ్చి దాన్ని చెరిపేసింది. ఇంకోచోట చూపించాను. అదీ పోయింది. మూడోసారి చెయ్యి దింపేశాను.

అయ్యగారు "ప్రభువా" అన్నారు. మేం కళ్లు మూసుకున్నాం. హోరు తప్ప ఏమీ వినబడలేదు. ఎంతసేపటికీ మాట రాకపోతే కళ్లు తెరిచాను. ఆయన తలెత్తి నీళ్లనే చూస్తున్నారు. చివరికి "ఆమెన్" అన్నారు.

"అయిపోయిందాండీ?" అన్నారు నాన్నగారు, నమ్మలేక.

"ఇక్కడ మనం చెప్పేదేముందయ్యా."

వెనక లైట్‌హౌసు దీపం వెలిగింది. అమ్మ చెప్పులు విడిచి, నాన్నగారి చెయ్యి పట్టుకుని నీళ్లలోకి నడిచింది. జాగ్రత్త కోసమని నేను ఫోను తీసి సముద్రానికి పోటు ఎన్నింటికో వెతకడం మొదలుపెట్టాను. దొరికి తలెత్తేసరికి, మోకాళ్ల లోతులో అమ్మ వీపు మాత్రం కనిపించింది.

ఇంటికొచ్చాక నాన్నగారిని పక్కకి పిలిచి, అమ్మ ముఖం ఎలా ఉందని అడిగాను. ఆయన కాస్త ఆలోచించి, "నువ్వు పుట్టినప్పుడు నర్సు నిన్ను మీ అమ్మ చేతికిచ్చింది చూడు, అప్పుడు నిన్ను చూసినట్టే చూసిందిరా" అన్నారు.

ఆ చూపు నేను రెండుసార్లూ చూడలేకపోయాను. మొదటిసారి నాకు ఊహ తెలీదు. రెండోసారి, పోటు ఎన్నింటికో నిమిషంతో సహా తెలుసు.