బీరువాలో దాచిన చెవి

మా తమ్ముడి కూతురు వైష్ణవికి అప్పుడు ఏడాది నిండింది. దేవరయాంజాల్‌లో వాళ్ల ఇంటి మీదుగా శిక్షణ విమానం ఒకటి బాగా కిందుగా పోయింది. పక్కింటి పిల్లాడు జడుసుకుని ఏడ్చాడు. వైష్ణవి తల కూడా ఎత్తలేదు. నేను మేడ్చల్‌లో ఆడియాలజిస్టుని, వినికిడి లేని పిల్లలతోనే నా ఉద్యోగం. నాకు వెంటనే అనుమానం వచ్చింది.

"నీ తమ్ముడు గూడ ఆలిశ్యంగనే మాట్లాడిండు. ఊకె పరేషాన్ గాకు" అంది తమ్ముడి దగ్గరే ఉండే మా అమ్మ. నేను వినలేదు. వినికిడి కొలిచే బెరా టెస్ట్ చేయిస్తే రెండు చెవులకీ ప్రొఫౌండ్ లాస్, అంటే దాదాపు ఏమీ వినపడదు, అన్నారు. "లోపలి చెవిలో పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఒక్కటే దారి. ఆలస్యం చేస్తే మాటలు నేర్చుకునే వయసు దాటిపోతుంది" అన్నాడు సర్జన్. నగరంలో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయింది. దాన్ని మొదటిసారి పని చేయించే స్విచ్ ఆన్ రోజున చెవి వెనక ప్రాసెసర్ మిషన్ పెట్టి శబ్దం ఇవ్వగానే పిల్ల బిక్కమొహం వేసి తల్లిని కరుచుకుంది. మేమంతా ఏడ్చాం.

ఏడాది గడిచినా పిల్ల పేరు పెట్టి పిలిస్తే తిరగదు. మిషన్ సెట్టింగులు సరిచేసే మ్యాపింగ్‌కి తీసుకెళ్తే "కొందరు పిల్లలు స్లో అండీ, థెరపీ చేయిస్తూ ఉండండి" అన్నారు. ఆదివారాలు నేను వెళ్లినప్పుడల్లా మిషన్ తల మీదే ఉండేది, రోజూ అలాగే ఉంటుందనుకున్నాను. లోపం ఎక్కడో తెలియక నాకు పిచ్చెక్కేది.

ఒక మంగళవారం షామీర్‌పేటలో పని చూసుకుని, చెప్పకుండా వాళ్లింటికి పోయాను. పిల్ల వాకిట్లో మట్టిలో ఆడుతోంది. చెవి మీద ఏమీ లేదు. మిషన్ ఏదని అడిగితే మా మరదలు లావణ్య బీరువా తాళం తీసింది. పట్టుచీరల మధ్య, పసుపు గుడ్డలో చుట్టి ఉంది.

"గంత పిరమైంది, లచ్చల రూపాయలది, మట్టిల వడితె ఎట్ల? దవాఖానకు వోయినప్పుడు, సుట్టాలొచ్చినప్పుడు పెడ్తున్నం" అంది అమ్మ, ఘనకార్యం చేసినట్టు.

"గది నగ గాదమ్మా, పిల్ల చెవి!" అని వీధంతా వినపడేలా అరిచాను.

లావణ్య ఏడ్చేసింది. "డాక్టర్లే జెప్పిన్రు వదినె. మస్తు పిరం, పోతె మళ్ల రాదు, పైలంగ దాసుకోన్రి అన్నరు."

అప్పుడు నా కోపం మా వృత్తి మీదికి మళ్లింది. పోతుందని అంతగా భయపెట్టినవాళ్లకు, రోజంతా పెట్టాలని ఆ ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడానికి నోరు రాలేదా? మిషన్ తగిలించగానే రోజుకి ఎంతసేపు వాడారో ఆసుపత్రి కంప్యూటర్‌లోనే కనిపిస్తుంది. అది చూడకుండానే పిల్లని స్లో అనేశారు! నేను వెళ్లి నిలదీస్తే "కౌన్సెలింగ్ ఇచ్చాం కదా మేడమ్" అన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ మంగళవారం నుంచి మిషన్ రోజంతా పిల్ల చెవి మీదే ఉంటోంది. ఇప్పుడు వైష్ణవి బడికి పోతోంది. తోటి పిల్లలు గలగలా కబుర్లు చెబుతుంటే తను రెండు మూడు మాటలు కలుపుతుంది. మొన్న మా అమ్మ పిల్ల తల దువ్వుతూ మిషన్ తీయబోతే చెయ్యి తోసేసి "వద్దవ్వా, ఇంటున్న" అంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంప్లాంట్ పిల్లలున్న ఇళ్లకు ఒక్క మాట. పొద్దున మొహం కడగగానే మిషన్ పెట్టండి, స్నానానికీ నిద్రకీ మాత్రమే తీయండి. సన్నటి దారం కట్టి బట్టలకు పిన్ను పెడితే ఊడినా పోదు. గీతలు పడితే పడనివ్వండి. మా పిల్ల పోగొట్టుకున్న ఏడాదిని ఏ ఆసుపత్రీ తెచ్చి ఇవ్వలేదు.