ఎర్రపొట్టమ్మ పుట్టింటి ప్రయాణం

ఆ రోజుల్లో మా ఒర్లియంపేటలో చేప అంటే పొద్దున బుట్టలో వచ్చేది, మధ్యాహ్నానికి చట్టిలోకి పోయేది. ఆ రెంటికీ నడుమ దానికి కాపురమూ పిల్లలూ ఉంటాయని మాలో ఎవరికీ తోచేది కాదు. ఇప్పుడు మా మనవలు అద్దాల తొట్టికి రంగుదీపాలు పెట్టి, చేపలకు ఇంగ్లీషు పేర్లు పెట్టి పిలుస్తుంటే పక్కన కూర్చుని చూస్తుంటాను. ఒక చేపకు గాజులు తొడిగి, పురుటికి బస్సెక్కించి పంపిన ఇల్లు మాదని చెబితే వాళ్ళు నమ్మరు. మీరైనా నమ్ముతారని చెబుతున్నాను.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది తిరగలేదు. మామగారిది బియ్యం మండీ. మా ఆయన ఆ మండీలోనే పుట్టినట్టు ఎప్పుడూ అక్కడే ఉండేవారు. ఇంట్లో పెత్తనమంతా అత్తది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆమె దొడ్డివాకిట్లో పిలిస్తే వీధి చివర పాలవాడు పలికేవాడు. ఇక మా మరిది కాలేజీ చదువు ముగించి, ఉద్యోగం ఇంకా దొరక్క, ఆ మధ్యకాలంలో చేపల మీద పడ్డాడు. ఇనుప చట్రంలో అద్దాలు బిగించి, లప్పం పూసి తనే ఒక తొట్టి చేశాడు. (మొదటి వారం అది తొట్టిలా కాక జల్లెడలా పనిచేసింది. హాలంతా మేమే ఈదుకుంటూ తిరిగాం.) చేపలకు గాలి కావాలని తొట్టి కింద ఒక లారీ ట్యూబు పడుకోబెట్టి, దాన్నుంచి సన్నని గొట్టం నీళ్ళలోకి పెట్టాడు. ట్యూబు చప్పబడకుండా ఆ దారిన పోయేవాళ్ళందరూ సైకిలు పంపుతో నాలుగు గుద్దులు గుద్దాలని ఇంట్లో చట్టం. మామగారు కూడా మండీకి పోయే ముందు పంచె ఎగగట్టి, దేవుడికి దండం పెట్టినంత శ్రద్ధగా గాలికొట్టి పోయేవారు. వాటి మేతకు దోమ పురుగులు కావాలంటే పెరట్లో ఒక బేసిన్‌లో నీళ్ళు నిలవబెట్టాం. ఊరంతా దోమలను తరిమే కాలంలో దోమలను సాకిన ఇల్లు మాదొక్కటే.

ఆ తొట్టిలోకి మరిది మద్రాసు నుంచి బస్సులో, పాలిథీన్ సంచి గుండెకు హత్తుకుని, ఒక జంటను తెచ్చాడు. మగది చూపుడు వేలంత ఉంటుంది, ఆడది ఇంకా చిన్నది, గుండ్రంగా. దాని పొట్ట దగ్గర పండుమిరపకాయ రుద్దినట్టు ఎరుపు. మరిది ఏదో నోరు తిరగని పేరు చెప్పాడు. అత్త దాన్ని పక్కన పెట్టి ఆడదానికి ఎర్రపొట్టమ్మ, మగదానికి అల్లుడు అని పేర్లు పెట్టింది. రోజూ చేపలు తెచ్చే వీరాంపట్టినం ముసలి ఆయా తొట్టిలోకి తొంగిచూసి, ఈ రెండూ కలిపి ఒక వాయికి కూడా రావు గదా, ఎందుకు సాకుతున్నారని నిజంగానే దిగులుపడింది.

అవి ఆఫ్రికాలో ఎక్కడో ఏటి అంచున, చెట్ల వేళ్ళ నీడలో ఉంటాయట. మిగతా చేపల్లా గుడ్లు ఏటిపాలు చేసి పోవట. బొరియ చూసుకుని లోపల తల్లి, గుమ్మంలో తండ్రి కాపలా ఉండి పిల్లల్ని పెంచుతాయట. మరిది ఇదంతా పెద్ద వింతగా చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. మా పుట్టింటి ఊరు బాహూరు చెరువు కాలవలో పసుప్పచ్చగా, ఒంటిమీద నల్లచుక్కతో చిన్న చేపలు ఉండేవి. ఎండాకాలం నీళ్ళు తేటబడితే ఒక జంట, వాటి చుట్టూ ఆవాలు చల్లినట్టు పిల్లలు కనబడేవి. మనం కాలు పెడితే పారిపోవు, వేలెడంత చేప మన కాలినే పొడవడానికి వస్తుంది. అమ్మ లేని పిల్లను, నాయన వెంట పొలానికి పోయి ఆ గట్టున కూర్చుని వాటినే చూసేదాన్ని. అది చెబితే మరిది ఎగిరి గంతేసి, "అవి వీటికి దాయాదులే వొదినె" అన్నాడు. అప్పటినుంచి తొట్టి బాధ్యత సగం నాకొచ్చింది. మరిది టెంకాయ చిప్పకు అంచున చిన్న వాకిలి చెక్కి తొట్టిలో బోర్లించాడు. ఎర్రపొట్టమ్మ అందులో దూరి, నోటితో ఇసుక తీసి బయట ఉమ్ముతూ ఇల్లు చక్కబెట్టుకునేది.

అంతలో నాకు నెల తప్పింది. ఏడో నెలలో వళకాపు చేసి చేతుల నిండా గాజులు వేశారు. మావాళ్ళలో తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి. అట్లా జరగకపోతే ఆడపిల్ల తండ్రికి చేతకాలేదని ఊరంతా అంటుంది. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పిల్లను అట్లా పంపిన తర్వాత బిడ్డ పుట్టిన కబురు వచ్చేదాకా అత్తగారు ఆ గడప తొక్కకూడదు. నాకేమో పుట్టిల్లు ఉంది గాని అందులో ఆడదిక్కు లేదు. కాన్పు చేయడానికి వస్తానన్న పిన్ని కాలు విరిగి మంచాన పడింది. ఆ ఇంట్లో నేనూ, నీళ్ళు కాచడం తప్ప వంట తెలియని నాయనా. తలుచుకుంటే నాకు రాత్రి నిద్ర పట్టేది కాదు. కాని నోరు తెరిచి నేను పోనని చెబితే నాయన తల వంగిపోతుంది. ఏమీ అనకుండా గాజులు చప్పుడు చేసుకుంటూ తిరిగాను.

వళకాపు రోజు సాయంత్రం అత్త తొట్టి ముందు చాలాసేపు నిలబడింది. ఎర్రపొట్టమ్మ పొట్ట బాగా ఉబ్బి, ఎరుపు ఇంకా ముదిరి ఉంది. అత్త తన చేతి గాజొకటి తీసి నీళ్ళలో వేసింది. చేప ఆ గాజులోంచి అటూ ఇటూ దూరి వచ్చింది. ఇంక అంతే, అత్త తీర్పు చెప్పేసింది.

"దీనికీ ఇది తొలికాన్పు. ఇదీ పుట్టింటికి పోవాలా."

"అమ్మా, దాని పుట్టిల్లు ఆఫ్రికా" అన్నాడు మరిది.

"అంత దూరం వొద్దులే. బాహూరు చాలు."

మరిది తల పట్టుకున్నాడు. మగది పక్కన లేకుంటే గుడ్లు పెట్టినా పిల్లలు కావని, గుడ్ల మీద అది తిరగాలని సిగ్గు విడిచి తల్లికి విడమరిచి చెప్పాడు. పురిటింట్లో మొగోడికేం పని అని ఒక్క మాటతో వాడి కాలేజీ చదువంతా కొట్టేసింది అత్త. కుళంబు పులుసులో వేసే జాతికి కాన్పు మర్యాదలేందని మామగారు గొణిగారు గాని, గాలికొట్టడానికి వంగి ఉన్నారు కాబట్టి ఎవరికీ వినబడలేదు.

అట్లా నేను పుట్టింటికి పోయే బస్సులో నా ఒళ్ళో ఒక తూక్కు, అదే మూతా పిడీ ఉన్న గిన్నె, దాని నిండా తొట్టి నీళ్ళు, అందులో ఎర్రపొట్టమ్మ. చెయ్యి అడ్డం పెట్టుకుని నా కడుపుకు ఎంత కాపు కాశానో దానికీ అంతే కాశాను. పక్క సీటు అమ్మ మూత ఎత్తి చూసి, కుళంబుకా అని అడిగింది. కాదు, కాన్పుకు అన్నాను. ఆమె నా కడుపు వైపు చూసింది, తూక్కు వైపు చూసింది, మెల్లగా లేచి వెనక సీటుకు పోయింది.

నాయన వసారాలో పెద్ద మట్టి బాన పెట్టి, చెరువు నీళ్ళు తేర్చి పోశాడు. టెంకాయ చిప్ప పెట్టాం. చేపకు ఏర్పాట్లు చేయడం నాయనకు సులువుగానే ఉంది. నాకు చేయడమే ఆయనకు తెలియలేదు. పురుటిమందు ఎట్లా చేస్తారో ఇంటింటికీ పోయి అడిగి, శొంఠి మిరియాలు దంచి, బెల్లం పోసి ఉండలు చేశాడు. (బిడ్డ పుట్టడానికి ఇంకా రెండు నెలలుంది.) సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలి గదా, తనే ఒక ఉండ తిన్నాడు. ఆ పూటంతా చెమటలు కక్కుతూ, చొక్కా విప్పి గట్టున కూర్చుని, మంచి కారంగానే ఉందిలే పాపా అన్నాడు. నేను నవ్వాను. ఆయన అవతలికి పోయాక ఏడ్చాను.

కొన్నాళ్ళకు ఎర్రపొట్టమ్మ చిప్పలోంచి బయటికి రావడం మానేసింది. వాకిట్లో తోక మాత్రం ఆడుతూ కనబడేది. చిప్పను ఒక పక్క కాస్త ఎత్తి చూస్తే లోకప్పుకు గుడ్లు అతుక్కుని ఉన్నాయి. అది వాటికి రెక్కలతో విసురుతూనే ఉంది. మేత వేసినా రాదు. నాయనా నేనూ గుసగుసగా మాట్లాడుకున్నాం ఆ పూట, పురిటింట్లో గట్టిగా మాట్లాడకూడదని. మర్నాటికి గుడ్లు సగ్గుబియ్యంలా తెల్లబడ్డాయి. అవి పక్వానికి వస్తున్నాయని నేను మురిసిపోయాను. ఆ తెల్లటి గుడ్లకు అది విసిరింది విసిరినట్టే ఉంది.

అట్లాంటప్పుడు ఒక మధ్యాహ్నం అత్త వచ్చింది, వెనకాల మరిది. రాకూడని మనిషి గడప బయట నిలబడి ఉంటే నాయన భుజం మీది తువ్వాలు తీసి గబగబా లేచాడు. అత్త నా వైపు చూడనే లేదు.

"నేనేం కోడల్ని చూడను రాలేదన్నా. చేపను చూసిపోదామని వొస్తి."

చేపకు కట్టుబాటు ఏదీ లేదు కాబట్టి నాయన లోపలికి రమ్మన్నాడు. అత్త బాన దగ్గర గొంతుక్కూర్చుని చిప్ప ఎత్తింది. తెల్లటి గుడ్ల మీద బూజు పట్టి ఉంది. ఎర్రపొట్టమ్మ భయపడి పారిపోకుండా ఆమె వేలిని పొడుస్తోంది. మరిది, నేను ముందే చెప్పాను గదా అని సణిగాడు. అప్పుడు జరిగింది మాత్రం నేను ఆ ఇంట్లో అంతకుముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. మా అత్త తప్పు ఒప్పుకుంది, అదీ వియ్యంకుడి ముందు.

"చెప్తివి, నేనే వినలే. ఆచారం ఆచారమని మూగదాన్ని విడదీస్తి. అన్నా, దీన్ని నేను తీసకపోతా. అల్లుడు ఆడ తిండి మానేసి మూల పట్టినాడు. కానీ దీని గుణం తెలిసింది నీ కూతురికే. మా ఇంట్లో ఎవురికీ దీన్ని చూసుకోను రాదు. అమ్మణ్ణిని కూడా పంపిస్తే..."

అక్కడ ఆగింది. (పక్కనే నిలబడ్డ మరిది, తెచ్చింది నేను గదా, నాకు చూసుకోవడం రాదా అన్నట్టు నోరు తెరిచి, ఎందుకో మూసుకున్నాడు.) నాయన తువ్వాలు మడత విప్పాడు, మళ్ళీ మడిచాడు. బాన వైపు చూశాడు. ఆయన కాదంటే నేను ఇక్కడే, ఔనంటే ఊళ్ళో ఆయన మాట ఏమవుతుంది. నాయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"చేప కోసమైతే సరేలేమ్మా" అన్నాడు.

లోపలికి పోయి పురుటిమందు జాడీ తెచ్చి అత్త చేతుల్లో పెట్టాడు. కారం కొంచెం ఎక్కువైంది, చూసి పెట్టమన్నాడు. బాహూరులో ఎవరడిగినా, అల్లుడి ఇంట్లో విదేశీ చేపకు జబ్బు, మా పాప లేకుంటే బతకదంట అని ఆయన గొప్పగా చెప్పుకున్నాడని తర్వాత విన్నాను.

నా కాన్పు ఒర్లియంపేటలోనే అయింది. నొప్పులొచ్చినప్పటినుంచి మా అత్త నా నడుము వదల్లేదు. నాకు నీళ్ళు పోసింది, బిడ్డకు సాంబ్రాణి వేసింది, నాయన చేసిన ఉండల్లో ఇంకొంచెం బెల్లం కలిపి నోట్లో పెట్టింది. తల్లి ఉంటే ఏం చేస్తుందో నాకు తెలియదు గాని, అంతకంటే ఎక్కువ చేస్తుందని ఎవరన్నా చెబితే ఈ రోజుకీ ఒప్పుకోను. నా బిడ్డకు మూడో నెల వచ్చేసరికి ఎర్రపొట్టమ్మా అల్లుడూ కూడా చిప్పలోంచి నలుసుల్లాంటి పిల్లల గుంపును వెంటేసుకుని బయటికొచ్చాయి. బయట తిరిగిన పిల్లను అల్లుడు నోట కరుచుకుని మళ్ళీ గుంపులో ఉమ్మేవాడు. చంటిదాన్ని ఎత్తుకోవడానికి జంకే మా ఆయనకు అత్త ఆ అల్లుణ్ణి రోజూ చూపించేది.

నన్ను నా తిప్పల్లోంచి గట్టెక్కించింది ఆ చేపేనని చాలా ఏళ్ళు నేను గట్టిగా నమ్మాను. ప్రతి శుక్రవారం తొట్టి అద్దానికి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టేదాన్ని. మరిది తుడవలేక తిట్టుకునేవాడు. నేను కూడా అత్తనై, ఒక పిల్ల కళ్ళలో దిగులు చూసి, ఎవరి మాటా పోకుండా ఆ దిగులు ఎట్లా తీర్చాలా అని వంటింట్లో కూర్చుని ఎత్తులు వేసిన రోజున గాని నాకు వెలగలేదు. పెరట్లో ఏటేటా కోడిని పొదగేసిన మనిషి మా అత్త. పుంజు లేని గుడ్డు పిల్ల కాదని ఆమెకు మరిది చెప్పాలా?

అడుగుదామంటే ఆమె లేదు. ఉన్నా చెప్పేది కాదు. ఇప్పుడు అప్పటి నన్ను, ఆ ఇరవై ఏళ్ళ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. చంకలో బిడ్డ, చేతిలో కుంకుమ గిన్నె, చేపకు భక్తిగా దండం పెడుతోంది. ఆ పక్కనే మా అత్త నిలబడి, నవ్వు ముఖాన పడనీయకుండా, "ఇంకొంచెం పైకి పెట్టు మే, దానికి కనబడాలా" అంటోంది.