సవ్వాతి తగలబెట్టిన స్నానాల గది

సవ్వాతి పెరట్లో విడిగా ఉన్న తన స్నానాల గదికి తనే నిప్పు పెట్టుకున్నాడంటే మా తగీల్ ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వేవాళ్ళకేం, నోరుంది నవ్వుతారు. కంచెకు ఇవతలి ఇల్లు మాది. ఆ రోజు బకెట్టు పట్టుకుని మొదట పరిగెత్తినదాన్ని నేను.

అతను అడవికోళ్ళ వేటగాడు. మా అందరిలాగే దొరగారి గనుల కింద పుట్టినవాడు, దొరగారి సొత్తు కింద లెక్క. విసీమ్ వాగులో బంగారం కోసం ఇసుక కడిగితే అడుగున బూడిదరంగు గింజలు కొన్ని మిగిలేవి. కొలిమిలో పెట్టినా కరిగేవి కావు. ఎందుకూ పనికిరావని పారబోసేవాళ్ళు. సీసం కొనాలంటే డబ్బు కావాలి కనుక సవ్వాతి ఆ గింజల్నే ఏరుకొచ్చి తుపాకీలో రవ్వగా పోసుకునేవాడు. సీసం కన్నా బరువు, దెబ్బ గట్టిగా తగిలేది. ఏటా మంచు కరగగానే గురి సరిచూసుకోవడానికి స్నానాల గది వెనక గోడ మీద కాల్చేవాడు. జానెడు లావు దుంగల గోడ అది.

"ఆ గోడ నీకేం అపకారం చేసిందయ్యా?" అనేది అతని భార్య ఉస్తీన్యా.

"కోడైతే ఎగిరిపోతుంది. గోడ నిలబడుతుంది కదే."

తర్వాత ఆ గింజల పేరు ప్లాటినం అని తెలిసింది. పీటర్స్‌బర్గ్‌లో వాటితో నాణేలు కొట్టడం మొదలుపెట్టారు. మూడు రూబుళ్ళ బిళ్ళ చూడబోతే పావు రూబులు వెండిబిళ్ళంతే ఉండేది, చేతిలో పెట్టుకుంటేనే బరువు తెలిసేది. మా మరిది ఒకసారి తాగిన మైకంలో మూడు రూబుళ్ళ బిళ్ళని పావు రూబులనుకుని ఇచ్చేసి రొట్టె తెచ్చుకున్నాడు. ముడి గింజ ఇంట్లో దొరికితే కొరడా దెబ్బలు, ఆపైన సైబీరియా అని కచేరీవాళ్ళు చాటింపు వేయించారు. సవ్వాతి ఆ పూటే తన రవ్వసంచి తీసుకెళ్ళి వాగులో గుమ్మరించి వచ్చాడు. ఉస్తీన్యా ఊరుకుంటుందా?

"మారాజులు కూడా కోళ్ళని ఇంత ఖరీదు పెట్టి చంపరు. నీ వెనకాల తిరిగి ఏరుకున్నా ఈపాటికి మేడ కట్టేవాళ్ళం!"

ఆ ఏడు శరత్కాలంలో సైన్యం చీట్లు తీస్తే వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు లరియోన్ పేరు వచ్చింది. సైన్యమంటే ఇరవై అయిదేళ్ళు. పోయేవాణ్ణి బతికుండగానే ఏడ్చి సాగనంపేవాళ్ళం మేము. తప్పించుకునే దారి ఒకటే, డబ్బిచ్చి బదులు మనిషిని పంపడం. ఆ డబ్బు సవ్వాతి ఏడు జన్మలెత్తినా సంపాదించలేడు. కొత్త సిపాయిల బండ్లు బయల్దేరడానికి పది రోజులుంది.

గోడలో ఏళ్ళ తరబడి దిగిన రవ్వ సంగతి ఉస్తీన్యాకే తట్టింది. మొదట కత్తితో తవ్వి చూశారు. రోజంతా తవ్వితే గుప్పెడు కూడా రాలేదు. అప్పుడు సవ్వాతి, "సీసమైతే మంటకి కారిపోయేది. ఇది కరగదు" అని కొరివి తెచ్చాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ పొద్దున నాకు కనిపించింది పొగ. బకెట్టుతో కంచె దూకి వెళ్తే ఉస్తీన్యా నాకడ్డంగా చేతులు చాపి నిలబడింది.

"నీళ్ళు పోయొద్దు ఫ్యోక్లా. నల్లులు పట్టేశాయి. కాలిపోనీ."

"నల్లులకి గది కాలుస్తారా వదినా? బుద్ధుందా నీకు?"

"నా గది, నా నల్లులు. నీకెందుకే?"

మర్నాడు వెళ్ళి చూస్తే ఉస్తీన్యా మసిపట్టి నల్లబడ్డ మొహంతో కొట్టంలో కూర్చుని పళ్ళెంలో బూడిద కడుగుతోంది. పళ్ళెం అడుగున బూడిదరంగు గింజలు మందంగా పేరుకుని ఉన్నాయి. నన్ను చూసి పళ్ళాన్ని ఒళ్ళోకి లాక్కుంది. నేను కచేరీలో ఒక్క మాటంటే ఆ ఇంట్లో ముగ్గురి వీపులూ చీరేసేవారు.

"చూశావా?" అంది.

"ఏముంది చూడ్డానికి? బూడిద" అని వచ్చేశాను. చిన్నప్పుడు లరియోన్‌ని ఈ చేతులతో ఎత్తుకు తిరిగాను మరి.

దొంగచాటుగా కొనేవాడొకడు ఆ గింజలు తీసుకుని డబ్బిచ్చాడు. అన్నీ ప్లాటినం బిళ్ళలే. వేటలో కూడబెట్టానని కచేరీలో చెప్పాడు సవ్వాతి. వాళ్ళకి కావలసింది ఒక తల, ఎవరిదైనా ఒకటే. గుచ్చి అడగలేదు.

బదులు వెళ్తానని ఒప్పుకున్నవాడు మా తమ్ముడు నికోన్.

"ఎవడో ఒకడు పోవాలి కదక్కా. నాకు పెళ్ళామా, పిల్లలా? ఈ డబ్బు నువ్వు దాచు. వచ్చాక ఇల్లు కట్టుకుంటా" అన్నాడు.

ఆ కొట్టంలో నేను నోరు మూసుకుని ఎవరిని కాపాడానో, ఎవరిని అమ్ముకున్నానో అప్పుడు అర్థమైంది. సవ్వాతి మీద నాకు పుట్టిన కోపం మామూలు కోపం కాదు. ఏటా మొదటి కోడిని తెచ్చి మా కంచె మీద పెట్టేవాడు. నేను కుక్కకి వేసేదాన్ని. అతను చూస్తుండగా వేసేదాన్ని. మళ్ళీ ఏడు మళ్ళీ తెచ్చేవాడు. నికోన్ దగ్గర్నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి, ఎవరిచేతో రాయించినవి. ఆ తర్వాత లేవు.

పదకొండేళ్ళకు కొత్త హుకుం వచ్చింది. ప్లాటినం నాణేలు ఇక చెల్లవట. ఆరు నెలల్లోగా తెచ్చిస్తే బదులు వెండి ఇస్తారట. నికోన్ దాచమన్న డబ్బు మూట విప్పకుండా అలాగే పట్టుకెళ్ళి వరసలో నిలబడ్డాను. నా వెనక సవ్వాతి నిలబడ్డాడు, పిడికిట్లో రెండు బిళ్ళలతో.

గుమాస్తా నా బిళ్ళలు లెక్కపెట్టి వెండి నా వైపు తోశాడు.

"చూసుకో అవ్వా. ఒక్క కోపెక్ కూడా తగ్గలేదు."

"బిళ్ళలు వెనక్కి తీసుకున్నారు, బాగానే ఉంది. వీటితో కొన్న మనిషిని ఎప్పుడు వెనక్కిస్తారు బాబూ?" అని అడిగాను.

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ముసలిదానికి మతి పోయిందన్నారు ఇంకెవరో. అప్పుడు వెనక నుంచి సవ్వాతి గొంతు వినిపించింది.

"మతి పోలేదు. ఆవిడ తమ్ముణ్ణి కొన్నది నేను. అడిగినదానికి జవాబు చెప్పండి."

గుమాస్తా కలం సిరాలో ముంచుకున్నాడు. తర్వాతివాళ్ళు రండి అన్నాడు. తర్వాత ఉన్నది సవ్వాతే. అతను ముందుకు అడుగు వేయలేదు.