పూజలో పెట్టిన డిస్కు

హనుమకొండలో యూనివర్సిటీ రోడ్డు మీద మాది చిన్న డీటీపీ షాపు. విద్యార్థుల పెన్‌డ్రైవ్‌ల వైరస్‌లతో విసిగిపోయి కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లైనక్స్ వేసుకున్నాను. యూట్యూబ్ చూసి నేర్చిన విద్యే అయినా నాకు గర్వం తక్కువేం కాదు. కంప్యూటర్ లేవగానే ఏయే డిస్కులు కలుపుకోవాలో రాసి ఉండే ఫైలొకటి ఉంటుంది. ఫైళ్ల నకళ్లు దాచుకునే బయటి డిస్కును అందులో నేనే చేర్చాను. అది లేకున్నా ఆగకుండా లెమ్మని ఇంకో చిన్న మాట రాయాలట. అది అప్పటికి నాకు తెలియదు.

దసరా నాడు ఆయుధపూజకు కంప్యూటర్‌ను ఇంటికి మోయలేక, ఆ డిస్కును తీసుకెళ్లి బొట్టు పెట్టి అమ్మవారి ముందు ఉంచాను. మూడో రోజు పూజ ఎత్తేదాకా మా ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టుకోరు. నేనైతే మరిచే పోయాను.

ఆ మూడో రోజు పొద్దున షాపు తీసేసరికి యూనివర్సిటీలో చదివే రఘునాథపల్లి అమ్మాయి ఒకతె మెట్ల మీద కూర్చుని ఉంది. ఫెలోషిప్ కోసం ఆమె పెట్టే రిపోర్టు పండగ ముందే టైపు చేశాను, ప్రింటు తీయడమే మిగిలింది. ఆ రోజే ఆఖరు, ఐదింటిలోపు యూనివర్సిటీ ఆఫీసులో ఇవ్వాలి. ఫెలోషిప్ రాకపోతే చదువు మానేసి పత్తి ఏరడానికి పోవడమే. టైపు చేసిన రోజే పెన్‌డ్రైవ్‌లో వేసివ్వమని ఆమె అడిగితే, "నా దగ్గరుంటే బ్యాంకుల ఉన్నట్టే చెల్లే" అని పంపించింది కూడా నేనే.

స్విచ్ వేశాను. నల్లటి తెర మీద వరుసలు పరుగెత్తి ఒకచోట ఆగాయి. పొడవాటి నంబరొకటి చూపిస్తూ, ఆ నంబరు డిస్కు కోసం తొంభై సెకన్లు లెక్కపెట్టి, చివరికి ఎమర్జెన్సీ మోడ్ అని మొండికేసింది. లోపలి డిస్కే పోయిందనుకున్నాను. వైర్లు పీకి పెట్టాను, ర్యామ్ తుడిచాను, ఎన్నిసార్లు ఆపి వేశానో. మళ్లీ అదే తొంభై.

"ఏమైతాందన్నా?"

"జర ఆగు చెల్లే, అయితది" అని కసిరాను. పాపం, ఆమె పోయి మళ్లీ మెట్ల మీద కూర్చుంది.

నాలుగింటికి మా ఆవిడ ఫోన్ చేసింది. "ఇగో, పూజ ఎత్తేసిన. నీ నల్ల డబ్బ ఏడ పెట్టాలె?"

కంప్యూటర్ పొద్దుటి నుంచి లెక్కపెడుతున్నది ఆ డబ్బా కోసమేనని అప్పుడు తెలిసింది. ఆమెకు సంగతి చెప్పకుండానే వరంగల్ స్టేషన్ అవతల ఉన్న ఇంటికి ఆటోలో పోయి, డిస్కు ఒళ్లో పెట్టుకుని వెనక్కి వస్తుంటే సిగ్గుతో చచ్చాను. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తీసిన గోతిలో ఆ పిల్ల పడుతోంది.

డిస్కు తగిలించగానే కంప్యూటర్ బుద్ధిగా లేచింది. ప్రింటు చేతికొచ్చేసరికి ఐదు దాటింది. వేడి కాగితాలు పట్టుకుని ఆమె ఉరికింది.

కాసేపటికి బ్యాగు కోసం తిరిగొచ్చింది. కాగితాలు చేతిలోనే ఉన్నాయి.

"తాళమేసిన్రన్నా" అంది. నా ముఖం చూసి, "ఫికర్ చెయ్యకన్నా. మిషన్ ఖరాబైతే నువ్వేం జేస్తవ్?" అంది.

"అవ్ చెల్లే, మిషన్లను నమ్మొద్దు" అన్నాను.